పాత కంప్యూటర్‌ను పక్కన పడేసే ముందు: నెల్లిమర్ల నగర పంచాయతీకి బహిరంగ లేఖ

నెల్లిమర్ల నగర పంచాయతీ కమిషనర్ గారికి, పాలకవర్గ సభ్యులకు,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మద్దతు ముగిసింది. ఆ మర్నాడు ఆ కారణంగా ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. తెర వెలిగింది, పాత ఫైళ్ళు తెరుచుకున్నాయి, ప్రింటర్ ఎప్పటిలాగే కాగితం లాక్కుంది. ఆగినవల్లా నెలనెలా వచ్చే భద్రతా సవరణలు. అయినా అప్పటినుంచి కంప్యూటర్ షాపుల్లో తరచుగా వినపడే మాట ఇది: “ఈ సిస్టమ్‌కి విండోస్ పదకొండు ఎక్కదండీ, కొత్తది తీసేసుకోండి.” కొన్ని యంత్రాల విషయంలో ఆ మాట నిజమే. చాలా యంత్రాల విషయంలో అది తొందరపాటు. ఏది నిజమో, ఏది తొందరపాటో ఇంట్లోనే కూర్చుని తేల్చుకోవచ్చు. తేల్చుకోకుండా వదిలించుకున్న యంత్రం చివరికి చేరేది నగర పంచాయతీ చెత్తబండికో, పాత ఇనప సామాన్ల కొట్టుకో. అందుకే ఈ విషయాన్ని ఎవరింటి గొడవ వారిదని వదిలేయడానికి లేదు.

ఉత్తరాంధ్ర మధ్యతరగతి ఇళ్ళలో ఉన్న డెస్క్‌టాప్‌ల కథ చాలావరకు ఒక్కటే. పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు విజయనగరంలోనో, విశాఖ ద్వారకానగర్‌లోనో భాగాలు విడివిడిగా కొని కూర్పించి తెచ్చిన ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అది. చదువులయ్యాక పిల్లలు హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్ళిపోయారు, సిస్టమ్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద జరిగే పనులు కొన్నే. జూట్ మిల్లు కార్మికుడి ఇంట్లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవాలి. టీచరు గారింట్లో ప్రశ్నపత్రం టైపు చేయాలి. ఎవరింట్లోనైనా రైలు టిక్కెట్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆధార్ కార్డు ప్రింటు తీసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ పదేళ్ళ కిందటి ప్రాసెసర్‌కు భారం కాదు. మరి అంత నెమ్మది ఎక్కణ్ణుంచి వస్తోంది? మార్చాలా, మరమ్మతు చేయించాలా అన్న ఆలోచనంతా ఇక్కడే మొదలవ్వాలి.

జవాబు కంప్యూటరే చెబుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ‘పెర్ఫార్మెన్స్’ అన్నచోట సీపీయూ, మెమొరీ, డిస్క్ అని గ్రాఫులు కనిపిస్తాయి. సిస్టమ్ ఆన్ చేసి, ఏ పనీ మొదలుపెట్టకుండా ఓ ఐదు నిమిషాలు వాటిని చూడాలి. పాత యంత్రాల్లో ఎక్కువగా కనిపించే దృశ్యం ఒకటుంది. ప్రాసెసర్ పనిని చూపే సీపీయూ గీత అడుగునే కదులుతూ ఉంటుంది. డిస్క్ గీత మాత్రం నూటికి నూరు దగ్గర పైకప్పుకు అంటుకుపోయి కిందికి దిగదు. పెట్టె ముందు ఉండే చిన్న లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. లోపలినుంచి సన్నగా గీరుతున్న చప్పుడు వస్తుంది. ప్రాసెసర్ చేతులు కట్టుకు కూర్చుంది, పని రావడమే ఆలస్యం. ఇలాంటి సిస్టమ్‌లో ముసలిదైపోయిన భాగం ఒక్కటే, హార్డ్‌డిస్క్.

హార్డ్‌డిస్క్ లోపల పళ్ళేలు నిమిషానికి 7,200 సార్లు, ల్యాప్‌టాప్‌ల్లో ఎక్కువగా 5,400 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద సన్నని చదివే తల ఒకటి అటూ ఇటూ జరుగుతూ కావలసిన సమాచారాన్ని వెతుకుతుంది. ఒక చోటినుంచి ఇంకో చోటికి చేరడానికి దానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. వినడానికి అది లెక్కలోకి రాని కాలమే. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు చదవాల్సిన చిన్న చిన్న ముక్కలు వేలల్లో ఉంటాయి, ప్రతి ముక్కకీ ఆ తల జరగాల్సిందే. హార్డ్‌డిస్క్‌కు బదులుగా వేసుకునే ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదే వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతులోనో అంతకన్నా తక్కువలోనో పూర్తవుతుంది. నాలుగైదు నిమిషాలు నాన్చుతూ మొదలయ్యే సిస్టమ్, ఎస్ఎస్‌డీ వేశాక అర నిమిషం అటూ ఇటూగా సిద్ధమవడానికి కారణం ఇదే. ప్రాసెసర్ పాతదే, మదర్‌బోర్డు పాతదే, కానీ వాడేవారికి కొత్త యంత్రం కొన్నట్టే ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌కు చేయించే మార్పుల్లో దీనంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదు.

ఇందుకు కావలసింది రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ. గత పదిహేనేళ్ళలో అమ్ముడైన దాదాపు అన్ని డెస్క్‌టాప్‌లకూ, హార్డ్‌డిస్క్‌తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లకూ అది సరిపోతుంది. ఇంటి పనులకు 256 జీబీ చాలు. విండోస్ దాని మీదకు మార్చుకుని, పాత హార్డ్‌డిస్క్‌ను ఫొటోలు, పెళ్ళి వీడియోలు దాచుకోవడానికి లోపలే ఉంచుకోవచ్చు. అయితే పాత డిస్క్ ఆరోగ్యం ముందు చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ పరిస్థితిని నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో చూపిస్తుంది. పసుపు కనిపించినా, డిస్క్ టిక్ టిక్‌మని కొట్టుకుంటున్నా మిగతా పనులన్నీ ఆపి ముందు ఫొటోలు, కాగితాలు వేరేచోటికి ఎక్కించుకోవాలి. ‘ఫార్మాట్ చేయిస్తే అదే స్పీడవుతుంది’ అన్న నమ్మకంతో ఇలాంటి డిస్క్‌ను షాపుకు పంపితే అసలుకే మోసం వస్తుంది.

టాస్క్ మేనేజర్‌లో మెమొరీ గీత ఎనభై, తొంభై శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. 4 జీబీతో ఒకప్పుడు హాయిగా గడిచింది. ఇప్పుడు బ్రౌజర్‌లో నాలుగైదు పేజీలు తెరిస్తే ఆ 4 జీబీ నిండిపోతుంది, 8 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. కొనే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. డీడీఆర్3 ర్యామ్ డీడీఆర్4 స్లాటులో పట్టదు, గాడి ఉండే చోటే వేరు. ఇక రెండోది చాలామంది పట్టించుకోని సంగతి. చాలా పాత సిస్టమ్‌లలో 32 బిట్ విండోస్ వేసి ఉంటుంది. దానికి 4 జీబీకి మించి ర్యామ్ వాడుకునే శక్తి లేదు. ఎనిమిది వేయించినా అది మూడున్నర దగ్గరే ఆగిపోతుంది. 64 బిట్ విండోస్ వేయించనిదే ఆ డబ్బు వృథా. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరినుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ‘క్రూషియల్’ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మే వ్యాపారంనుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. కొత్త కంప్యూటర్ ధరలోనూ ఈ పెరుగుదల కలిసే ఉంటుంది కాబట్టి, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి ఇది మరో కారణం.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తే సందర్భాలు కూడా తక్కువేం కావు. సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్ళిపోతుంది. బ్యాంకు వెబ్‌సైటు తెరవబోతే ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని హెచ్చరిక వస్తుంది. ఇంట్లోవాళ్ళు వైరస్ అనుకుంటారు. నిజానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, దాని పేరు సీఆర్2032. అది అయిపోతే గడియారం తప్పుతుంది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైటు ధ్రువపత్రం గడువును కంప్యూటర్ సరిగా లెక్కించలేదు. బ్యాటరీ ఖరీదు వంద రూపాయల లోపే. అలాగే ఆన్ చేయగానే బీప్, బీప్ అని అరిచి తెర నల్లగా ఉండిపోతే చాలాసార్లు తప్పు ర్యామ్ అంచులది. సముద్రపు గాలి, తేమ ఉన్న జిల్లాల్లో ఇది ఎక్కువ. కరెంటు తీగ పీకేసి, ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు రంగు గీతలను పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి మళ్ళీ నొక్కిపెడితే సిస్టమ్ లేస్తుంది. సర్వీసు కుర్రాళ్ళు మొట్టమొదట చేసే పని ఇదే. ఎండాకాలంలో పని మధ్యలో దానంతటదే ఆగిపోతుంటే ఫ్యాన్‌లో దుమ్ము, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు చూడాలి. కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంటే మార్చాల్సింది అందులోని బ్యాటరీనే. వోల్టేజీ ఎగుడుదిగుళ్ళున్న చోట, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పోవడం మామూలు. అది విడిగా దొరికే భాగం, దానికోసం పెట్టె మొత్తం మార్చనక్కర్లేదు.

ఇక విండోస్ 11 సంగతి. దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస, అప్పటినుంచి వచ్చినవి దాదాపు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. తరం ఏదో పేరులోనే తెలుస్తుంది. ఐ5-3470 అంటే మూడో తరం, ఐ5-8400 అంటే ఎనిమిదో తరం, ఐ3-10100 అంటే పదో తరం. ఎనిమిదో తరమో ఆపైదో అయ్యుండి కూడా ‘ఎక్కదు’ అని కంప్యూటర్ చెబితే ఆ మాట అక్కడితో వదిలేయకూడదు. అలాంటి అసెంబుల్డ్ సిస్టమ్‌లలో చాలాసార్లు టీపీఎం మదర్‌బోర్డులో ఉండి కూడా బయోస్ అనే మదర్‌బోర్డు సెట్టింగుల్లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని రాస్తారు. ఆ ఒక్క మీట ఆన్ చేస్తే కొత్త కంప్యూటర్ కొనే అవసరం అక్కడికక్కడే పోవచ్చు.

ఏడో తరం, అంతకన్నా పాత యంత్రాలకు దారులు వేరు. అసలైన విండోస్ 10 ఉన్నవారికి పొడిగించిన భద్రతా సవరణల పథకాన్ని మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు ప్రకటించింది. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో బ్యాకప్ చేసుకుంటే విడిగా డబ్బు కట్టకుండానే అందులో చేరవచ్చు. ఇది ఆలోచించుకోవడానికి దొరికిన వ్యవధి. కొన్ని షాపుల్లో తనిఖీలను దాటవేసి పాత యంత్రం మీదే విండోస్ 11 ఎక్కించి ఇస్తారు. నడుస్తుంది కూడా. కానీ అలాంటి యంత్రాలకు సవరణలు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. క్రాక్ చేసిన విండోస్ ప్రమాదం ఇంకా పెద్దది. తాళం విరగ్గొట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఇంకేం దూర్చారో వాడేవారికి తెలిసే వీల్లేదు. బ్యాంకు పాస్‌వర్డు కొట్టే యంత్రం మీద అది ఉండకూడదు.

మూడో దారి, విండోస్‌కు బదులుగా వేసుకునే లినక్స్. లినక్స్ మింట్‌లాంటివి 4 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ ఉన్న మూడో తరం యంత్రం మీద చక్కగా నడుస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు, భద్రతా సవరణలు వస్తూ ఉంటాయి. బ్రౌజర్, లిబ్రే ఆఫీసు, యూనికోడ్ తెలుగు అన్నీ అందులో ఉన్నాయి. తెలుగు నేలమీద స్వేచ్ఛ సంస్థ ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేస్తోంది, తెలుగులోనే నడిచే లినక్స్‌ను కూడా రూపొందించింది. బ్యాంకు, పీఎఫ్, టిక్కెట్టు, టైపింగు మాత్రమే ఉన్న ఇంటికి ఇంతకన్నా మంచి దారి లేదు. టాలీ మీద లెక్కలు రాసే ఇంటికి, డిజిటల్ సంతకం పరికరం వాడే ఇంటికి మాత్రం ఇది తేలిగ్గా కుదరదు. ప్రింటర్ విషయం ముందే చూసుకోవాలి. మన వైపు ఎక్కువగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 లినక్స్‌తో తేలిగ్గా కలవదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కలుస్తుంది. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రం కోసం వేలిముద్ర పరికరం, దానికోసం విండోస్ అని ఆగనక్కర్లేదు, 2021 నవంబరునుంచి ఫోన్‌లోనే ముఖ గుర్తింపుతో ఆ పని చేసుకునే వీలుంది.

డీటీపీ చేసేవారి సిస్టమ్‌లను మాత్రం ఈ లెక్కలన్నిటికీ వెలుపల పెట్టాలి. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల రసీదు పుస్తకాలు చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ దాన్ని ముందుకు తీసుకెళ్ళలేదు. అను ఫాంట్లలో కొట్టిన అక్షరాలు యూనికోడ్ కావు, మార్పిడి సాధనం లేకుండా వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళ పని ఆ ఒక్క పెట్టెలో ఉన్నప్పుడు దాన్ని కదపడం అవివేకం. చేయాల్సింది ఒక్కటే: దాని ఇంటర్నెట్ తీసేసి, ఆ పనికే పరిమితం చేసి, మొత్తం ఫైళ్ళకు బయట ఇంకో ప్రతి ఉంచుకుని, బ్యాంకు పనులు వేరే యంత్రం మీద చేసుకోవాలి.

మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి. మదర్‌బోర్డు పోయినప్పుడు, దాని మీది కెపాసిటర్లు ఉబ్బి కారుతున్నప్పుడు మరమ్మతు ఆలోచన ఆపాలి. రెండో, మూడో తరం ప్రాసెసర్లకు సరిపోయే హెచ్61 బోర్డులు బజారులో ఇప్పటికీ దొరుకుతున్నాయి నిజమే. కానీ పాత ప్రాసెసర్, పాత ర్యామ్ పట్టుకుని వాటికోసం ఆ బోర్డు కొనడం దండగ. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే ఒక్కరోజు కూడా వాడకూడదు, అగ్ని ప్రమాదం ఉంది. ఇంట్లో వీడియో ఎడిటింగ్ చేసేవారో, ఆటోక్యాడ్ నేర్చుకునే పిల్లలో ఉంటే పాత యంత్రానికి మెరుగులు దిద్దినా లాభం లేదు. మరమ్మతు ఖర్చు అలాంటిదే సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ ధరలో సగం దాటితే మార్చుకోవడమే మంచిది.

మార్చడమంటే కొత్తదే కొనాలని కూడా లేదు. కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌ప్యాడ్‌లాంటివి సరిచేసి అమ్ముతుంటారు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చినాయ్ ట్రేడ్ సెంటర్ ఇలాంటి సరుకుకు పేరుపడ్డది. అక్కడ కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఎనిమిదో తరానికి తగ్గకూడదు. ‘ఐ7’ అన్న అక్షరాలు చూపించి మూడో తరం యంత్రాలు అంటగట్టడం ఈ వ్యాపారంలో మామూలే. బిల్లు, వారంటీ లేకుండా డబ్బు చేతికివ్వకూడదు. కొత్త ల్యాప్‌టాప్ కొనేవారు 4 జీబీ ర్యామ్‌తో, 64 జీబీ స్థలంతో చవగ్గా వచ్చేవాటి జోలికి పోకూడదు. అవి కొన్న ఏడాదికే పాతబడతాయి, చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి పెంచుకునే దారీ ఉండదు.

పాతది ఇల్లు దాటే ముందు దానిలోని డిస్క్ సంగతి చూడాలి. ఆధార్, పాన్, పాస్‌బుక్ నకళ్ళు అందులోనే ఉంటాయి. డిలీట్ చేసినవీ, మామూలు ఫార్మాట్‌తో పోయాయనుకున్నవీ తిరిగి బయటికి తీయవచ్చు. డిస్క్‌ను పూర్తిగా తుడిచే సాఫ్ట్‌వేర్ వాడాలి, లేదంటే డిస్క్ విప్పి ఇంట్లోనే ఉంచేసుకోవాలి.

ఆ తర్వాతి బాధ్యత పూర్తిగా ఇంటివారిది కాదు. ప్రపంచమంతటా 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడితే, పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక తేల్చింది. మిగిలిన దానిలో కొంత భాగం చేతులతో విరగ్గొట్టేవారి దగ్గరికి పోతుంది. రాగి కోసం తీగలు కాలుస్తారు, లోహాల కోసం బోర్డులను ఆమ్లంలో ముంచుతారు. పాత గాజు మానిటర్లలో సీసం ఉంటుంది, యూపీఎస్ బ్యాటరీ నిండా సీసం, ఆమ్లమే. ఆ మిగులు ఎక్కడ పారబోసినా వానకు కొట్టుకుపోయి వాగులో, చెరువులో కలుస్తుంది. నెల్లిమర్ల పక్కనే పారే చంపావతి తాగునీటి పథకాలకు ఆధారమైన నది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, చెత్తలో కలిసిన ఎలక్ట్రానిక్ సామాన్లను వేరుచేసి నమోదైన రీసైక్లర్‌కో, మరమ్మతు సంస్థకో చేర్చే పనిని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించాయి. బ్యాటరీలకు 2022లోనే విడిగా నియమాలు వచ్చాయి.

కాబట్టి నగర పంచాయతీ చేయాల్సింది పెద్దదేమీ కాదు. నెలలో ఒక రోజు నిర్ణయించి, ఆ రోజు కార్యాలయం దగ్గర పాత కంప్యూటర్లు, యూపీఎస్ బ్యాటరీలు, తీగలు తీసుకుంటామని చెత్తబండి మైకులో చెప్పించాలి. వచ్చిన సామాను తడవని గదిలో పెట్టి, నమోదైన సంస్థకే ఇచ్చి, రసీదు తీసుకుని నోటీసు బోర్డులో పెట్టాలి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గీత, ప్రాసెసర్ తరం, మదర్‌బోర్డు బ్యాటరీ — ఈ మూడు పరీక్షలను వార్డు సచివాలయాల గోడల మీద తెలుగులో రాయించాలి. నగర పంచాయతీ, సచివాలయాల సొంత కంప్యూటర్లను పనికిరానివని రాసేసే ముందు వాటికీ ఇవే పరీక్షలు జరిపించాలి. మొదటి సేకరణ రోజును వచ్చే కౌన్సిల్ సమావేశంలోనే ఖరారు చేయాలని ఈ లేఖ ద్వారా మనవి.